ఐఆర్ మాస్టర్స్ అడ్మిట్లు: ఎదురుచూపులు, ఎంపికలు

పోర్టల్_కాపలా · ఫిబ్రవరి 24

అందరికీ నమస్కారం. ఈ ఏడాది ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్) మాస్టర్స్‌కి అప్లై చేసినవాళ్లు ఉంటే ఇక్కడ కలుద్దాం. కంప్యూటర్ సైన్స్ వాళ్ల చర్చలు పేజీలకు పేజీలు నడుస్తున్నాయి. మన గోడు చెప్పుకోవడానికే చోటు లేదు.

నాది ఇంజనీరింగ్ డిగ్రీ. ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థలో పని. శరణార్థి కుటుంబాల సర్వేలు, ఆ డేటాని శుభ్రం చేయడం, రిపోర్టులు రాయడం. అప్లై చేసినవి: అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సైస్, జార్జ్‌టౌన్ ఎంఎస్ఎఫ్ఎస్, టఫ్ట్స్ యూనివర్సిటీ ఫ్లెచర్, కొలంబియా సీపా; లండన్‌లో ఎల్ఎస్ఈ; స్విట్జర్లాండ్‌లో జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్. ఎల్ఎస్ఈలో ఏడాది ఎంఎస్సీకి సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ లేదు. మిగతా అన్నిచోట్లా 'అండర్ రివ్యూ'.

రెండు సందేహాలు. నిన్న ఒక పోర్టల్‌లో ఫైనాన్షియల్ ఎయిడ్ అని కొత్త ట్యాబ్ కనిపించింది. సాయంత్రానికి మాయం. దానికేమైనా అర్థం ఉంటుందా? రెండోది, చేతికొచ్చిన లండన్ సీటు ఖాయం చేసుకుని ఈ టెన్షన్ వదిలించుకోవాలా, లేక మార్చి దాకా ఓపిక పట్టాలా?

ఇంకా_రాలేదు · ఫిబ్రవరి 24

మీ జాబితాలో జెనీవా తీసేసి పారిస్‌లోని సియాన్స్ పో, జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల ఎలియట్ స్కూల్ పెడితే అదే నా జాబితా. మెయిల్ వస్తే ఫోన్ మోగకుండా ఆపేశాను. అప్పట్నుంచి ఇంకా ఎక్కువసార్లు తెరిచి చూస్తున్నాను. ట్యాబ్ సంగతి ఎవరైనా చెబితే నేనూ వింటా.

బొలోన్యా_మెట్లు · ఫిబ్రవరి 25

ట్యాబ్‌కి అర్థం వెతక్కండి. ఏటా ఎవరో ఒకరు పోర్టల్‌లో ఏదో మారిందని రాస్తారు, పదిమంది నిద్ర మానుకుంటారు. సీటు నిర్ణయించేవాళ్లు వేరు, డబ్బు కేటాయించేవాళ్లు వేరు, ఉత్తరాలు అప్‌లోడ్ చేసేవాళ్లు వేరు. మధ్యలో ఎవరో సిస్టమ్ పరీక్షించి చూసినా మీకు ట్యాబ్ కనిపిస్తుంది.

నేను సైస్‌లో చదివాను. మొదటి ఏడాది ఇటలీలోని బొలోన్యా క్యాంపస్, రెండో ఏడాది వాషింగ్టన్. అమెరికాలోని ఈ ప్రొఫెషనల్ స్కూళ్లన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే క్యాలెండర్ మీద నడుస్తాయి. డిసెంబరు, జనవరి గడువులు. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడో వారం లోపు ఫలితాలు. చాలాచోట్ల సీటు ఉత్తరంతోపాటే డబ్బు సంగతీ చెబుతారు, కొన్నిచోట్ల విడిగా వస్తుంది. ఎల్ఎస్ఈలో వచ్చిన అప్లికేషన్ వచ్చినట్టు చూస్తారు కాబట్టి మీకు ముందే తెలిసింది. అది ముందు రావడానికీ మిగతావి ఆలస్యం కావడానికీ సంబంధం లేదు.

ఆగండి. లండన్ వాళ్లు ఏ తేదీలోపు జవాబు చెప్పమన్నారో చూసుకోండి. ఆ తేదీకి ముందు మీరు ఏమీ ఖాయం చేయనక్కర్లేదు. డిపాజిట్ అడిగితే అది తిరిగి ఇస్తారా, ఇవ్వరా, ఏ సందర్భంలో ఇస్తారు అన్నది కట్టకముందే చదవండి.

ఈలోగా ఖాళీగా ఉంటే ఎకనామిక్స్ చదువుకోండి. ఊరికే కాలక్షేపానికి చెప్పడం లేదు. మా రోజుల్లో మైక్రో, మాక్రో రాకుండా సైస్‌లో అడుగుపెడితే మొదటి సెమిస్టర్ నరకమే. దౌత్యం గురించి మాట్లాడుకుందామని వచ్చినవాళ్లు అర్ధరాత్రి దాకా ఎక్స్‌ఛేంజ్ రేట్ల గ్రాఫులు గీసేవాళ్లు. మీకు లెక్కలు వచ్చు కాబట్టి అది మీకు లాభం.

లెక్కతేలని · ఫిబ్రవరి 25

బొలోన్యా అక్క చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. ఏడాది కోర్సు చవక అని లండన్ వైపు మొగ్గుతున్నారేమో. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది అద్దె, నిజమే. కానీ సెప్టెంబరు చివర్లో తరగతులు, ఆగస్టులో డిసర్టేషన్. మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి సందు లేదు. చేరిన నెలలోనే ఉద్యోగాల వేట మొదలుపెట్టాలి, అప్పటికి మీ ప్రొఫెసర్లకు మీ పేరు కూడా తెలియదు. ఇప్పటికే అనుభవం ఉండి, డిగ్రీ కాగితం కోసమే వెళ్లేవాళ్లకు ఏడాది కోర్సు బ్రహ్మాండం. రంగమే మారాలనుకునేవాళ్లకు కష్టం.

పైగా చదువయ్యాక అక్కడ ఉండే గ్రాడ్యుయేట్ వీసా. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లకు బదులు 18 నెలలే. ఈ శరదృతువులో చేరేవాళ్లందరూ ఆ కొత్త లెక్కలోకే వస్తారు.

పోర్టల్_కాపలా · ఫిబ్రవరి 25

ఇద్దరికీ థాంక్స్. నాకు కావాల్సింది రంగం మారడమా, ఉన్న రంగంలోనే పైకెళ్లడమా అన్నది ఇంతవరకూ సరిగ్గా ఆలోచించలేదు. అప్లికేషన్ వ్యాసంలో మాత్రం చాలా స్పష్టంగా రాశాను :)

సందేహం_చాలా · మార్చి 2

నాది పీహెచ్‌డీ బాధ. ఇక్కడ అడగొచ్చా? ఐఆర్ ప్రధానంగా పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీలకు అప్లై చేశాను. ఒకచోట నుంచి ఉత్తరం వచ్చింది. పీహెచ్‌డీకి తీసుకోలేకపోతున్నాం, కానీ మీ అప్లికేషన్ నచ్చింది, మా ఏడాది ఎంఏలో చేరండి అని. ఫీజులో కొంత తగ్గింపు ఇచ్చారు. ఇది గౌరవమా, ఓదార్పు బహుమతా?

బొలోన్యా_మెట్లు · మార్చి 2

అడగొచ్చు. రెండూ కాదు, అది వాళ్ల పద్ధతి. పీహెచ్‌డీ కాదన్నవాళ్లలో బాగున్నవాళ్లను ఎంఏకి పిలవడం కొన్ని పెద్ద యూనివర్సిటీల్లో ఎప్పట్నుంచో ఉంది. చికాగో యూనివర్సిటీలో ఇలాంటి ఎంఏకి పేరున్న కమిటీ ఆన్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ 1928లోనే మొదలైంది. అలాంటి ఏడాది ఎంఏ చేసి, మంచి థీసిస్ రాసి, దాంతో పీహెచ్‌డీలకు వెళ్లినవాళ్లు నిజంగానే ఉన్నారు.

కానీ ఒక చిక్కు. సెప్టెంబరులో చేరతారు. డిసెంబరులో మళ్లీ పీహెచ్‌డీ అప్లికేషన్లు. అంటే మీకు సిఫార్సు లేఖ రాయాల్సిన ప్రొఫెసర్ మిమ్మల్ని చూసేది ఒక్క టర్మ్. అందుకే చాలామంది ఎంఏ అయ్యాక ఒక ఏడాది రిసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేసి అప్పుడు అప్లై చేస్తారు. దాన్ని రెండేళ్ల ఖర్చుగా లెక్కేసుకోండి.

లెక్కతేలని · మార్చి 2

నా అభిప్రాయం మొహమాటం లేకుండా: పీహెచ్‌డీ అంటే వాళ్లు మీకు స్టైపెండ్ ఇచ్చి చదివించాలి. దాని ముంగిట్లో నిలబడటానికి మీరు పెద్ద అప్పు చేయడం నాకు రుచించదు. సగానికి పైగా తగ్గిస్తే ఆలోచించండి. కొంత తగ్గింపు అంటే ఎంత?

సందేహం_చాలా · మార్చి 3

మూడో వంతు.

లెక్కతేలని · మార్చి 3

నేనైతే వెళ్లను. అక్క ఒప్పుకోదని తెలుసు.

బొలోన్యా_మెట్లు · మార్చి 3

ఒప్పుకోను. సందేహం గారి డిగ్రీ ఏ సబ్జెక్టులోనో, థీసిస్ రాసిన అనుభవం ఉందో లేదో అడక్కుండా వెళ్లను అనేస్తే ఎలా? రాజనీతిశాస్త్రం ముఖం చూడనివాళ్లకు ఆ ఏడాది చాలా పనికొస్తుంది. ఇప్పటికే ఎంఏ ఉన్నవాళ్లకు దండగ.

సందేహం_చాలా · మార్చి 3

ఇప్పటికే ఎంఏ ఉంది. మీరిద్దరూ ఒకే మాట మీదికి వచ్చినట్టున్నారు.

మోడరేటర్ · మార్చి 5

ఫలితాలు మొదలయ్యాయి కాబట్టి ఒక మనవి. ఆఫర్ లెటర్ ఫొటోలు, అప్లికేషన్ నంబర్లు పెట్టొద్దు. ఏం వచ్చిందో మాటల్లో చెప్పండి చాలు. 'నా ప్రొఫైల్‌కి ఛాన్స్ ఎంత' ప్రశ్నలకు వేరే చర్చ ఉంది.

పోర్టల్_కాపలా · మార్చి 13

వచ్చేశాయి! మూడు రోజుల వ్యవధిలో దాదాపు అన్నీ.

సైస్: సీటు, ట్యూషన్‌లో పావు వంతు స్కాలర్‌షిప్. ఫ్లెచర్: సీటు, సగానికి పైగా స్కాలర్‌షిప్. సీపా: సీటు మాత్రమే. జార్జ్‌టౌన్: వెయిట్‌లిస్ట్. జెనీవా: సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ నిర్ణయం ఇంకా రావాలి.

తెల్లవారుజామున సైస్ ఉత్తరం తెరిచి ఇంట్లోవాళ్లందర్నీ లేపేశాను. మధ్యాహ్నానికి కాలిక్యులేటర్ తీశాను. సైస్, సీపా ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్ల పైమాటే. పావు వంతు పోయినా మిగిలిన ముప్పావు వంతు, దాని మీద రెండేళ్ల జీవనం. సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

అందరూ ర్యాంకులు చూడమంటున్నారు. ఫారిన్ పాలసీ పత్రిక జాబితాలో పాలసీ ఉద్యోగాలకు జార్జ్‌టౌన్, సైస్ పైన ఉంటాయి కదా. వెయిట్‌లిస్ట్ కోసం వేచి ఉండనా?

ఇంకా_రాలేదు · మార్చి 13

కంగ్రాట్స్!! నాకు ఒక రిజెక్ట్, ఒక వెయిట్‌లిస్ట్, సియాన్స్ పో అడ్మిట్. వివరాలు రేపు రాస్తా, ఇప్పుడు ఓపిక లేదు.

లెక్కతేలని · మార్చి 13

ఆ జాబితా ఎలా తయారవుతుందో తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది. విలియం అండ్ మేరీ యూనివర్సిటీ వాళ్లు చేసే ట్రిప్ అనే సర్వేలో ఐఆర్ ప్రొఫెసర్లను 'మీ దృష్టిలో ఏవి మంచివి' అని అడుగుతారు. అభిప్రాయాల లెక్క. అందులో జీతాలు లేవు, అప్పులు లేవు, చదివినవాడి పాస్‌పోర్ట్ ఏ దేశానిదో లేదు. మొదటి ఐదారు పేర్లకీ పేరుప్రతిష్ఠల్లో ఉన్న తేడా, మీ ఉత్తరాల్లో ఉన్న డబ్బు తేడా ముందు చిన్నది.

ఇప్పుడు అసలు పని. స్కాలర్‌షిప్ ఉత్తరాన్ని ఒక్కో వాక్యం చదవండి. మా బంధువుల అబ్బాయికి ఒక స్కూల్ నుంచి వచ్చిన ఉత్తరంలో మొత్తం పెద్ద అంకెలో ఉంది. కింద సన్న అక్షరాల్లో 'మొదటి రెండు సెమిస్టర్లకు వర్తిస్తుంది' అని ఉంది. రెండో ఏడాదికి ఆ సాయం దానంతటదే కొనసాగదు, అసిస్టెంట్‌షిప్‌లకు మళ్లీ పోటీ పడాలి. ఆ సంగతి అతనికి చేరాక తెలిసింది. మీ రెండు ఉత్తరాల్లోనూ ఇవి వెతకండి: రెండేళ్లకూ ఉందా, జీపీఏ ఎంత తగ్గితే ఆగిపోతుంది, ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా, ఇన్సూరెన్స్ వగైరా ఫీజులకు వర్తిస్తుందా.

పుట్టింది_ఇక్కడే · మార్చి 14

నేను అమెరికాలో పుట్టి పెరిగాను, నా తెలుగు కొంచెం అడ్జస్ట్ అవ్వండి. నాకూ సైస్, ఎలియట్ వచ్చాయి. నా లెక్క వేరేగా ఉంటుంది, కానీ మీకు తెలిస్తే మంచిది అని రాస్తున్నా.

ఇన్నాళ్లూ మా వాళ్లు ఈ డిగ్రీలకి ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోన్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు, ఖర్చంతా కవర్ అయ్యేది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి అది లేదు. గ్రాడ్యుయేట్ స్టూడెంట్‌కి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష, అంతే. లా, మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకి లిమిట్ ఎక్కువ, ఐఆర్ అందులో లేదు. కాబట్టి ఈ ఏడాది మాలో కూడా చాలామంది డబ్బు చూసి వెనక్కి తగ్గుతారు అనుకుంటున్నా. వెయిట్‌లిస్ట్‌లు కదలచ్చు.

పికరింగ్, రాంజెల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, చదువుకి డబ్బు ఇచ్చి ఐదేళ్లు అమెరికా ఫారిన్ సర్వీస్‌లో పని చేయమంటారు. సిటిజన్లకి మాత్రమే. అది కూడా ముందులా గ్యారంటీగా అనిపించట్లేదు. 2025 జులైలో స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) 1,300 మందికి పైగా తీసేసింది కదా.

బొలోన్యా_మెట్లు · మార్చి 14

నీ తెలుగు బాగానే ఉంది తమ్ముడూ. మంచి సమాచారం ఇచ్చావు.

కాపలా గారూ, ఇతను చెప్పినదాన్ని మీ వైపు నుంచి చూద్దాం. వాషింగ్టన్ స్కూళ్ల బలమంతా చుట్టూ ఉన్న ఉద్యోగాలు. అందులో స్టేట్ డిపార్ట్‌మెంట్, రక్షణ శాఖ, ఇంటెలిజెన్స్, సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే కాంట్రాక్టర్లు, ఇవన్నీ అమెరికా పౌరులకే. విదేశీయులకు అంతో ఇంతో దారి ఉన్నది అభివృద్ధి రంగంలో. అక్కడ అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో విదేశీ సాయం పనులు ఆపేసింది. దాని డబ్బుతో నడిచిన సంస్థలు ఉద్యోగుల్ని తగ్గించుకున్నాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఇప్పుడు కొత్త గ్రాడ్యుయేట్లు అడిగే ఉద్యోగాలకే అప్లై చేస్తున్నారు. నా స్కూల్ మీద నాకు అభిమానం ఉంది. అయినా పావు వంతు స్కాలర్‌షిప్‌తో, అమెరికాకి బయటి పాస్‌పోర్ట్‌తో, ఈ ఏడాది రమ్మని మీకు చెప్పలేను.

మిగిలింది ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ లాంటివి. వాటి ఉద్యోగులకు జీ-4 అని వేరే వీసా ఉంటుంది, హెచ్1బీ లాటరీ గొడవ లేదు. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు కూడా హెచ్1బీ కోటా వర్తించదు. దారులు పూర్తిగా మూసుకుపోలేదు, సన్నగా ఉన్నాయి.

లెక్కతేలని · మార్చి 14

ఇంకోటి. చదువయ్యాక అమెరికాలో పనిచేయనిచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సు అయితే ఇంకో 24 నెలలు. మామూలు ఐఆర్ డిగ్రీ సీఐపీ కోడ్ (కోర్సు ఏ వర్గమో చెప్పే అంకె) 45.0901, అది స్టెమ్ జాబితాలో లేదు. అదే స్కూళ్లలో ఎకనామెట్రిక్స్, డేటా ఎక్కువ ఉన్న కొన్ని డిగ్రీలకు వేరే కోడ్ ఉంటుంది. అడ్మిషన్స్‌కి ఒక్క లైను మెయిల్ పెట్టండి: ఐ-20 (వీసా కోసం స్కూల్ ఇచ్చే పత్రం) మీద ఏ సీఐపీ కోడ్ వస్తుంది? 'ఇది క్వాంటిటేటివ్ ప్రోగ్రామ్' లాంటి జవాబులతో తృప్తి పడొద్దు. అంకె చెప్పమనండి.

జెనీవా_గాలి · మార్చి 15

ఆలస్యంగా చూశాను. నేను జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్‌లోనే చదివాను. అడగకపోయినా చెబుతా.

మంచి ముందు. 1927లో నానాజాతి సమితి పక్కన పుట్టిన స్కూల్, ఐరాస ప్రధాన కార్యదర్శి అయిన కోఫీ అన్నన్ కొంతకాలం చదివిన చోటు. చరిత్ర అలా ఉంచితే, మీ పని శరణార్థుల డేటా. యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐరాస శరణార్థుల సంస్థ), ఐఓఎం (వలసల సంస్థ), రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీ, అన్నిటి ప్రధాన కార్యాలయాలూ ట్రామ్ దూరంలోనే. క్లాసుకి వచ్చే అతిథి ఉపన్యాసకుడే రేపు మీ ఇంటర్న్‌షిప్ సూపర్‌వైజర్ కావచ్చు. ట్యూషన్ అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ.

చెడ్డ. ఊళ్లో గది దొరకడం యజ్ఞం. స్టూడెంట్ హాస్టల్‌కి అవకాశం వచ్చిన రోజునే దరఖాస్తు పెట్టేయండి. ఐరాస సచివాలయం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) లాంటివి కొన్ని ఇస్తాయి. ఫ్రెంచ్ రాకపోతే చదువు ఆగదు కానీ ఉద్యోగ ప్రకటనల్లో సగం మీవి కావు. యూరప్ బయటివాళ్లకు చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలే. ఇక అందరికంటే పెద్ద విషయం, ఐరాస చేతిలో డబ్బు లేదు. యూఎన్‌హెచ్‌సీఆర్ 2025లో దాదాపు 3,500 ఉద్యోగాలు తీసేసింది. నాతో చదివినవాళ్లలో కొందరు బయటికొచ్చారు, ఇంకా ఖాళీగా ఉన్నవాళ్లూ ఉన్నారు.

పోర్టల్_కాపలా · మార్చి 15

ఇంత నిజాయితీగా చెబితే ఎక్కడికీ వెళ్లబుద్ధి కావడం లేదు. అందరికీ అడిగేస్తున్నా: అసలు ఈ ఏడాది వెళ్లడమే తెలివితక్కువా? ఒక ఏడాది వాయిదా వేయించుకోనా?

జెనీవా_గాలి · మార్చి 15

వాయిదాకి ఒప్పుకున్నా స్కాలర్‌షిప్ దానితోపాటు రాకపోవచ్చు. అది రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల సీటు ఉంచి డబ్బుకి మళ్లీ పోటీ పడమంటారు.

నా మట్టుకు, సంస్థలు జనాన్ని తగ్గించుకుంటున్నా డేటా చూడగలిగినవాళ్లను అందరికంటే ఆఖర్న వదులుకుంటున్నాయి. 'నాకు అంతర్జాతీయ రాజకీయాలంటే ఆసక్తి' అని వచ్చే సీవీలు కుప్పలు. సర్వే నమూనా ఎలా తీశారు, ఇక్కడ ఖాళీ గడులు ఎందుకున్నాయి, రెండు క్యాంపుల లెక్కల్లో ఒకే కుటుంబం రెండుసార్లు వచ్చిందా, ఇవి పట్టుకోగలిగిన మనిషి దొరకడం కష్టం. మీరు ఇప్పుడు చేస్తున్న పని అదే. స్కూల్ ఏదైనా ఆ దారం వదలకండి. గణాంకాలు, డెమోగ్రఫీ కోర్సులు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో కోర్సుల జాబితా తీసి చూడండి.

బొలోన్యా_మెట్లు · మార్చి 16

ఇది బంగారం లాంటి మాట. దీనితోపాటు, ఈ వారమే ఫ్లెచర్‌కీ సైస్‌కీ స్కాలర్‌షిప్ పెంచమని రాయండి. బెరుకు అక్కర్లేదు, వాళ్లకిది మామూలే. మర్యాదగా, చిన్నగా. 'మీ దగ్గర చదవాలని ఉంది. ఫలానా స్కూల్ ఇంత ఇచ్చింది, ఉత్తరం జతచేశాను. ఇంత తేడా పూడితే నేను వెంటనే ఒప్పుకోగలను.' మూడు వాక్యాలు చాలు. కుటుంబ కష్టాల కథ రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. అడిగే అంకె కచ్చితంగా చెప్పండి.

ఏప్రిల్ 15 అని ఒక తేదీ వింటుంటారు. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం అది. ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్లకు ఆ తేదీ దాకా విద్యార్థి జవాబివ్వనక్కర్లేదని. సాయం లేని మాస్టర్స్ సీట్లను అది కాపాడదు. కాబట్టి ఒక్కో స్కూల్ గడువు ఒక్కోటిగా రాసి పెట్టుకోండి.

ఇంకా_రాలేదు · మార్చి 17

నా వివరాలు. సియాన్స్ పోలో పీఎస్ఐఏ (వాళ్ల అంతర్జాతీయ వ్యవహారాల స్కూల్), రెండేళ్లు, మూడో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి వదిలేస్తారు. అది నచ్చింది. ఎలియట్ వెయిట్‌లిస్ట్. వెయిట్‌లిస్ట్ వాళ్లకు ఏం రాయాలి? ఊరుకుంటే ఆసక్తి లేదనుకుంటారా?

పుట్టింది_ఇక్కడే · మార్చి 17

ముందు పోర్టల్‌లో 'లిస్ట్‌లో ఉంటాను' అని కన్‌ఫర్మ్ చేయండి, చాలామంది అది మర్చిపోతారు. తర్వాత ఒక చిన్న లెటర్: అప్లై చేశాక కొత్తగా ఏం జరిగింది, సీటు ఇస్తే వస్తారా లేదా. వస్తాను అని రాస్తే నిజంగా వచ్చేలా ఉండాలి. ప్రతి వారం మెయిల్ వద్దు. నేను ఎలియట్ వదిలేస్తున్నా, ఇవాళే డిక్లైన్ కొడతా. ఆ సీటు మీకే వస్తుందని ప్రామిస్ చేయలేను కానీ!

ఇంకా_రాలేదు · మార్చి 17

సీటు రాకపోయినా మీకు రుణపడి ఉంటా.

పోర్టల్_కాపలా · ఏప్రిల్ 4

అప్‌డేట్. ఒక స్కూల్ స్కాలర్‌షిప్ పెంచలేమని రెండు వాక్యాల్లో తేల్చేసింది. ఫ్లెచర్ కొంచెం పెంచింది, రెండేళ్లకూ వర్తిస్తుందని రాసి ఇచ్చింది. జెనీవా స్కాలర్‌షిప్ వచ్చింది, ట్యూషన్ పూర్తిగా మాఫీ, జీవన ఖర్చుకి కొంత సాయం. మిగిలినది నా దగ్గరున్న డబ్బుతో సరిపోతుంది. అప్పు అక్కర్లేదు.

జెనీవా_గాలి గారు చెప్పినట్టు కోర్సుల జాబితాలు తీశాను. ఫ్లెచర్‌లో వెడల్పు ఎక్కువ, హార్వర్డ్‌లో కూడా కొన్ని కోర్సులు తీసుకోవచ్చు. జెనీవాలో నాకు కావాల్సిన వలసల కోర్సులు నేరుగా ఉన్నాయి, గణాంకాలు కొంచెం తక్కువ. ఇంట్లోవాళ్లు హార్వర్డ్ అనే మాట వినగానే ఫ్లెచర్ అంటున్నారు. నా మనసు జెనీవా వైపు ఉంది.

లెక్కతేలని · ఏప్రిల్ 4

నేను డబ్బు మనిషినని అందరికీ తెలుసు, కానీ ఈసారి ఫ్లెచర్ అంటాను. స్కాలర్‌షిప్ పోగా అప్పు మోయగలిగినంతే. జెనీవాలో మీ పందెం మొత్తం ఒక్క రంగం మీద, ఆ రంగం ఇప్పుడు కుంటుతోంది. అమెరికా డిగ్రీతో కన్సల్టింగ్, ప్రైవేటు రిస్క్ సంస్థలు, టెక్ కంపెనీల పాలసీ టీములు కూడా తెరుచుకుంటాయి.

జెనీవా_గాలి · ఏప్రిల్ 4

ఆ టీముల్లో చేరడానికి వీసా ఎవరిస్తారు? ఓపీటీ ఒక్క ఏడాది, ఆ తర్వాత లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది పడదని తర్వాత వివరణ ఇచ్చారు కానీ, చిన్న సంస్థలు ఆ వివరణ దాకా చదవవు. ముందే వద్దనేస్తాయి.

నాకు స్కూల్ మీద ప్రేమ ఉందని కాదు. అప్పు లేకుండా బయటికొచ్చినవాడు ఆరు నెలలు తక్కువ జీతానికి, దూరప్రాంతంలో, ఫీల్డ్ ఆఫీసులో చేరగలడు. అప్పున్నవాడు అలా చేరలేడు, మొదటి నెల నుంచే కంతులు కట్టాలి. ఈ రంగంలో మంచి మొదటి ఉద్యోగాలు చాలావరకు అలాంటివే, తక్కువ జీతం, దూరపు ఊరు.

బొలోన్యా_మెట్లు · ఏప్రిల్ 5

నేను జెనీవా పక్షం. గణాంకాల లోటు ఆన్‌లైన్‌లో పూడ్చుకోవచ్చు. లెక్కతేలని చెప్పినదీ కొట్టిపారేయలేను. కాపలా గారు ఐదేళ్ల తర్వాత శరణార్థుల పనిలోనే ఉంటానని గట్టిగా అనుకుంటే జెనీవా, లేదంటే ఫ్లెచర్.

పోర్టల్_కాపలా · ఏప్రిల్ 9

జెనీవాకి ఒప్పుకున్నాను. ఫ్లెచర్‌కి, సైస్‌కి, సీపాకి, ఎల్ఎస్ఈకి రావడం లేదని రాశాను. జార్జ్‌టౌన్ వెయిట్‌లిస్ట్ నుంచి పేరు తీయించుకున్నాను. ఫ్లెచర్‌కి ఆ మెయిల్ రాయడం మాత్రం కష్టమైంది, అడిగినదానికి ఒప్పుకున్నవాళ్లు వాళ్లే కదా. వాళ్లు చాలా మర్యాదగా జవాబిచ్చారు.

హాస్టల్ దరఖాస్తు పెట్టేశాను. ఫ్రెంచ్ మొదలుపెట్టాను, అంకెల దగ్గరే ఆగిపోయాను. తొంభైకి వాళ్లు 'నాలుగు ఇరవైల పది' అంటారట. జెనీవాలో అలా అనరని ఎవరో చెప్పారు, నిజమేనా?

జెనీవా_గాలి · ఏప్రిల్ 9

నిజమే, అక్కడ 'నోనాంత్' అంటారు. అద్దె చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తగా వినండి.

ఇంకా_రాలేదు · ఏప్రిల్ 28

ఎలియట్ వెయిట్‌లిస్ట్ కదిలింది, కొంత సాయంతో సీటు ఇచ్చారు. జవాబుకి వారం గడువు. పారిస్‌లో ఇప్పటికే కట్టిన డిపాజిట్ పోతుంది. నిర్ణయించుకోలేదు. ఒక సాంకేతిక ప్రశ్న: ఐ-20 తెప్పించుకోవడానికి బ్యాంకులో రెండేళ్ల డబ్బు చూపించాలా? ఐ-20 వచ్చాక సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదు రుసుము) వెంటనే కట్టాలా?

లెక్కతేలని · ఏప్రిల్ 28

మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా చూపిస్తే చాలు. స్కాలర్‌షిప్ ఉత్తరం కూడా అందులో లెక్కే. సెవిస్ ఎఫ్-1 వాళ్లకు 350 డాలర్లు, వెళ్తానని ఖాయం చేసుకున్నాకే కట్టండి. కట్టేటప్పుడు ఐ-20 మీద ఎన్‌తో మొదలయ్యే నంబర్ సరిచూసుకుని ఎక్కించండి, వీసా ఇంటర్వ్యూకి ఆ రసీదు పట్టుకెళ్లాలి. పారిస్ వాళ్లకు ముందు ఒక మెయిల్ పెట్టి డిపాజిట్‌లో ఎంత వెనక్కి వస్తుందో అడగండి. అడిగితే పోయేదేం లేదు.